పిన్నిగారి గుమ్మంలో ప్రెజర్ గేజి

ఆ రోజుల్లో గోదావరి ఒడ్డునే కాపురముంటూ, కుళాయి కింద బిందె పెట్టుకుని చుక్క కోసం కూర్చునేవాళ్లం. అదేమీ వింతగా తోచేది కాదు. ఎనభైల మొదట్లో, ఇంకా పత్రికలోకి రాకముందు, రాజమండ్రికి దిగువన ఒక చిన్న మునిసిపాలిటీలో నీళ్ల విభాగంలో టెంపరరీగా చేరాను. ఏదో ఒక వీధికి కొత్త పెద్ద పైపు వేస్తామన్నారు. ఏ వీధికో తేల్చడానికి నీళ్ల ఒత్తిడిని ముల్లుతో చూపించే ప్రెజర్ గేజీలు తెప్పించి, ఎక్కడెక్కడ బిగించాలో నన్ను చూడమన్నారు. ముల్లు ఎక్కడ బాగా పడిపోతే పైపు అక్కడికే. నేను తడుముకోకుండా ఒకటి మా వీధి చివర, నేను అద్దెకున్న పిన్నిగారి గుమ్మం పక్కన బిగించేశాను. (ఊళ్లో అన్నిటికన్నా మెరక వీధి మాదే మరి. కాస్త స్వార్థం కూడా ఉందనుకోండి.)

"రేపు పొద్దున్నే ఇంజనీరుగారు ముల్లు చూడ్డానికి వస్తున్నారు పిన్నిగారూ" అన్నాను. "నీకు మాట రాకుండా నేను చూసుకుంటాగా అబ్బాయ్" అన్నారావిడ. ఆ మాట అంత దూరం వెళుతుందనుకోలేదు.

పొద్దున్న నీళ్లు వదిలాక ఇంజనీరుగారు వచ్చి వంగి చూశారు. పడిపోవాల్సిన ముల్లు పైకెక్కి కూర్చుంది. "ఏమోయ్, ఇంత ప్రెజరుంటే మీకు కొత్త పైపెందుకయ్యా?" అన్నారు. నేను తల తిప్పి వీధిలోకి చూస్తే ఏ కుళాయి కిందా బిందె లేదు. అందరూ కుళాయిలు కట్టేసి, తలలు దువ్వుకుని, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు అరుగుల మీద కూర్చున్నారు.

"ఏంటిది పిన్నిగారూ?"

"పెద్దాయన ముందు నీ ముల్లు చతికిలబడితే మనకి పరువు తక్కువ కాదూ? వీధంతా తిరిగి కట్టించాను. ఆయన వెళ్లాక పట్టుకుంటాంలే."

"అది పడితేనే మనకి పైపండీ!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆ ముక్క నిన్ననే ఏడవొచ్చుగా!" అని నన్ను కసిరి, ఆవిడ వీధిలోకి తిరిగి గట్టిగా అరిచారు: "ఒసేయ్, తిప్పండే!"

కుళాయిలన్నీ ఒక్కసారే విప్పారు. ముల్లు జారి జారి అడుగున పడింది. ఇంజనీరుగారు నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు. "ఇదే రాసుకుంటానండీ" అని, ఆవిడిచ్చిన కాఫీ తాగి మరీ వెళ్లారు. పైపు మాకే వచ్చింది.

మొన్న డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తూ, "ఊపిరి బిగబట్టకండి, మామూలుగా కూర్చోండి" అన్నారు. అప్పటిగ్గానీ గమనించలేదు, ఆయన ముందు పరువు పోకూడదని నేనూ అన్నీ కట్టేసుకుని కూర్చున్నానని.