అమ్మ పిలుపుకు పలికిన తీగ

ఎముకను ఆకురాయితో రాస్తే ఒక వాసన వస్తుంది. కాలిన వెంట్రుకల వాసనలాంటిదే, కాకపోతే కాస్త తియ్యగా ఉంటుంది. నిన్న నంద్యాలలోని నా కొట్లో ఒకాయన తెచ్చిన గిటారుకు నేను కొత్త నట్ చెక్కుతుంటే ఆ వాసన గదంతా పట్టింది. నట్ అంటే మెడ చివర తీగలను ఎత్తిపట్టే చిన్న ఎముక ముక్క. పాతికేళ్లుగా ఈ పనే చేస్తున్నా, ఆ వాసన తగిలితే నా చేయి ఆగిపోతుంది. మస్తాన్ మామ నా వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆయన పోయి పదేళ్లు దాటింది.

మామ అంటే మాకు చుట్టమేమీ కాదు. నంద్యాల స్టేషన్ దారిలో హార్మోనియంలు బాగుచేసేవాడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు పెరిగాక గిటార్లూ పట్టుకున్నాడు. ఆయనకొక మొండి అలవాటు. గిటారు తెచ్చినవాళ్లను ముందు రోగమేమిటని అడగడు. "ఇంట్లో దీన్ని ఎవురు వింటారు?" అని అడుగుతాడు. జనం నవ్వుకునేవాళ్లు. మొదటిసారి నేనూ నవ్వాను.

నేను తీసుకెళ్లింది మా అన్న సుధాకర్ గిటారు. ఆళ్లగడ్డలో మా ఇల్లు. తొంభైల చివర్లో, పచ్చకామెర్లతో పదిహేను రోజుల్లో అన్న పోయాడు. గిటారును నడవలో మేకుకు తగిలించాం. రెండు నెలలకు ఒక మధ్యాహ్నం అమ్మ పరధ్యానంగా అన్నం వడ్డిస్తూ, ఎప్పటి అలవాటున వంటింట్లోంచి "సుధాకరా" అని సాగదీసి పిలిచింది. గోడ మీది గిటారు జుర్రుమంది. కరెంటు గిటారే అయినా వైరు తగిలించలేదు, ఎవరూ తాకలేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "పలికినాడు సూడు" అంది.

ఇక రోజూ అదే. అమ్మ పిలిచేది, గిటారు పలికేది, అప్పుడే ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేది. నాకు ఆ నడవలో ఒంటరిగా నడవాలంటే భయం. నిజం చెప్పాలంటే భయం కన్నా కోపమే ఎక్కువ. బతికున్న నేను "అమ్మా" అంటే మూడుసార్లకు గాని పలకదు, గోడ మీద జుర్రుమంటే మాత్రం వెంటనే తల తిప్పుతుంది. ఒక రోజు అమ్మ రేషన్ షాపుకు వెళ్లినప్పుడు గిటారు తీసుకుని నంద్యాల బస్సెక్కాను.

జరిగిందంతా చెప్పాను. మామ చెక్కకు చెవి ఆనించి, మూడో తీగ మీటి, నవ్వాడు. "దెయ్యం గియ్యం ఏం ల్యా పాపా. తీగ నట్‌ను కోసుకుంటా దిగిపోయింది. మెడ మీది మొదటి ఇత్తడి మెట్టుకు వెంట్రుకంత ఎడం గూడా ల్యా. మీయమ్మ పిలుపూ ఈ తీగా ఒగటే శ్రుతి. ఆయమ్మ పిలిస్తే ఇది అదురుతాది, మెట్టుకు తగిలి జుర్రుమంటాది. నట్ మార్చి, మెడ లోపలుండే ఇనప కడ్డీ రవంత వదులు చేస్తే మోత పోతాది. పోతే మళ్లా అట్లనే రాదు. మీయమ్మనడిగినావా?"

"అడిగినా మామా. తీసేయమనింది," అన్నాను. తడుముకోకుండా అన్నాను.

పాత నట్ ఊడదీస్తుంటే రెండు ముక్కలైంది. సాయంత్రానికి గిటారు ఏ మెట్టు మీద మీటినా గంటలా మోగింది. ఇంటికి తెచ్చి మళ్లీ మేకుకు తగిలించాను.

మర్నాడు అమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి గొంతు చించుకుని పిలిచింది. నడవలోకి వచ్చి తీగలు తడిమి, "ఏం జేసినావ్ మే?" అంది. చెప్పాను. అన్నం మీద మూత పెట్టి వెళ్లి పడుకుంది. ఆ రోజు తినలేదు, మరుసటి రోజూ తినలేదు. మూడో రోజు నంద్యాల వెళ్లి మామకు నిజం చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆకురాళ్లు సంచిలో వేసుకుని, కొట్టు మూసి, నాతో బస్సెక్కాడు.

ఆ మధ్యాహ్నాన్ని మరిచిపోలేను. మామ తీగ వదులు చేసి, నట్ మీద తీగ కూర్చునే గాడిని రెండుసార్లు రాసి, శ్రుతి చేసి, మేకుకు తగిలించి, "ఒగసారి పిలువు చెల్లెమ్మా" అంటాడు. అమ్మ వంటింట్లోంచి "సుధాకరా" అంటుంది. చప్పుడుండదు. మళ్లీ దించడం, రాయడం, తగిలించడం. "ఇంగొగసారి పిలువమ్మా." చనిపోయిన కొడుకును ఆమె అలా ఏడుసార్లు పిలిచింది. ఎనిమిదోసారి తీగ జుర్రుమంది.

అమ్మ వచ్చి గిటారు ముందు నిలబడి మెల్లగా మళ్లీ పిలిచింది. మళ్లీ పలికింది. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"వీడు మావాడు కాదన్నా," అంది. "ఇంగెవురో నా కొడుకు పేరుకు పలుకుతాండారు. దీన్ని తీసకపో."

గిటారుతో బస్టాండు దాకా నడుస్తూ నేను ఏడ్చాను. అబద్ధం నాదే కదా అన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు. "తప్పు నాది గూడా పాపా. వినేది మీయమ్మ. నేను అడిగింది నిన్ను."

ఆ మాటే నన్ను ఆయన దగ్గర పనిలో చేర్చింది. ఈ రోజుకీ వినే మనిషి ఎదురుగా లేనిదే ఏ గిటారు మోతా తీయను.

అమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. అన్న పేరు పెట్టి ఇక పిలవలేదు. అన్నానికి నన్ను పిలిచేది, గొంతు బాగా తగ్గించి, ఇంట్లో ఇంకేదో పలుకుతుందేమోనన్నట్టు. నాకూ అదే అంటుకుంది. ఎవరినైనా పేరు పెట్టి గట్టిగా పిలవాలంటే ఇప్పటికీ నా వల్ల కాదు. లేచి వాళ్ల దగ్గరికే వెళతాను.