ప్రాగ్ తాత నాలుగు పుస్తకాలూ, మా మూడో నంబరు పంపూ

ఆ రోజుల్లో నాకు సందేహం అనే జబ్బు ఉండేది కాదు. అన్నిటినీ సందేహించండని ఊరూరా ఉపన్యాసాలు దంచేవాణ్ణి గాని, ఆ జాబితాలో నన్ను కూడా చేర్చుకోవాలన్న ఊహే తట్టేది కాదు. తెనాలిలో చదివిన నాలుగేళ్ళూ హేతువాద సభల్లో గొంతు చించుకుని, జాతకాలనీ బాబాలనీ కులాన్నీ వేదికల మీద నిలువునా చీల్చి, అదే ఊపులో మెకానికల్ పట్టా పుచ్చుకుని, ఇరవై నాలుగో ఏట సౌదీలోని అల్ ఖోబర్‌లో దిగాను. (బయల్దేరేటప్పుడు అమ్మ నా చేతికి ఒక తాయెత్తు కట్టింది. విమానాశ్రయంలో దాన్ని వీరోచితంగా విప్పేశాను, కాని పారేయలేక జేబులో వేసుకున్నాను. నా జేబులు మొదటినుంచీ నా నోటికంటే పిరికివి.) ఊరి బయట సముద్రం ఒడ్డున ఒక కర్మాగారానికి చల్లనీళ్ళు అందించే పంపుల స్టేషను మాది. నేను షిఫ్టు ఇంజినీరును. అంటే పంపుల గురించి నాకంటే బాగా తెలిసిన వాళ్ళందరికీ ఆజ్ఞలు ఇచ్చే కుర్రవాణ్ణి.

నా పక్క బల్ల ప్రాగ్ తాతది. ఆయన అసలు పేరులో అచ్చులు తక్కువై మా నాలుకలు తిరగక, తెలుగువాళ్ళమంతా అలా పిలిచేవాళ్ళం. అరవై దాటిన చెక్ దేశస్థుడు. పంపు మీద చెవి ఆనించి లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పగల నిపుణుడు. బీరుకు పుట్టిల్లు మా దేశమేనని చెప్పుకునే జాతిలో పుట్టి, ముసలితనంలో మత్తులేని బీరు డబ్బాలతో కాలక్షేపం చేయాల్సి వచ్చినందుకు ఆయన ముఖంలో ఎప్పుడూ ఒక సంతాపసభ నడుస్తుండేది. "ఇది బీరు కాదు, బీరు గురించి సర్కారు రాసిన చరిత్ర" అనేవాడు, డబ్బా తెరిచినప్పుడల్లా.

చరిత్ర ఆయనకు ఇంటి జబ్బు. కంపెనీ ఇచ్చిన గదిలో మంచం పక్కన నాలుగు బడిపుస్తకాలుండేవి. ఒకటి తాతది, ఒకటి తండ్రిది, ఒకటి తనది, ఒకటి కొడుకుది. నాలుగూ చెక్ దేశ చరిత్రలే. నాలుగింటినీ ఒకే చోట తెరిచి మంచం మీద పరిచి నాకు చదివి చెప్పేవాడు. ఆరువందల ఏళ్ళ కిందట అక్కడ ఒక మతబోధకుణ్ణి చర్చి పెద్దలు సజీవంగా తగలబెట్టారు. ఆ తర్వాత రెండొందల ఏళ్ళకు ప్రాగ్ బయట ఒక గుట్ట మీద యుద్ధం జరిగి, చెక్కులు చక్రవర్తి సేనల చేతిలో ఓడిపోయారు. పూట కూడా పట్టని యుద్ధం. ఈ రెండు సంగతులూ నాలుగు పుస్తకాల్లోనూ ఉన్నాయి. తాత చదువుకున్నది ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో, కాబట్టి ఆయన పుస్తకంలో బోధకుడు దారి తప్పినవాడు, గుట్ట మీద ఓడినవాళ్ళు రాజద్రోహులు. తండ్రి నాటికి దేశం స్వతంత్రమైంది. బోధకుడు సత్యంకోసం ప్రాణమిచ్చిన జాతివీరుడయ్యాడు, ఓటమి తర్వాతి కాలమంతా మూడొందల ఏళ్ళ చీకటి అయింది. ప్రాగ్ తాత బడికి వెళ్ళేసరికి కమ్యూనిస్టులు వచ్చారు. బోధకుడు బీదల విప్లవకారుడైపోయాడు, మతం పైపైన కప్పుకున్న గొంగడి మాత్రమే. గుట్ట మీద ఎందుకు ఓడారయ్యా అంటే, జమీందార్లు రైతుల్ని నమ్మలేదు గనక. చివరికి ఆ ప్రభుత్వమూ కూలిపోయి కొడుకు చదువుకునే రోజులు వచ్చేసరికి బోధకుడు మళ్ళీ ఒట్టి మతబోధకుడయ్యాడు. ఆ చీకటి కూడా మరీ అంత చీకటి కాదట, ఆ కాలంలోనే ఎంతో గొప్ప సంగీతమూ కట్టడాలూ వచ్చాయట.

"అంటే అందరూ అమ్ముడుపోయిన వాళ్ళే" అని నేను తీర్పు చెప్పేశాను. (అప్పట్లో నా తీర్పులకు వాయిదాలుండేవి కావు.)

తాత తల అడ్డంగా ఊపాడు. "కాదబ్బాయ్. వెతికి చూడు, నాలుగింటిలోనూ తేదీలు సరైనవే. అబద్ధాలు వెతికితే నీకు దొరికేవి తక్కువ. కథ ఎక్కడ మొదలుపెట్టారో చూడు. మా తాత పుస్తకం తిరుగుబాటు దగ్గర మొదలుపెడుతుంది. మా నాన్నది ఆ తిరుగుబాటుకు ముందు వీళ్ళకు జరిగిన అన్యాయం దగ్గర. అంతే తేడా."

ఆ మాట నాకు పండగ భోజనంలా దొరికింది. అల్ అజీజియా పేటలో ఏలూరు అక్క ఇంట్లో నెలకొక శుక్రవారం మధ్యాహ్నం తెలుగువాళ్ళం చేరేవాళ్ళం. అక్క ఆసుపత్రిలో నర్సు. చర్చివాళ్ళ ఆదివారం బడిలో పెరిగిన మనిషి, నాతో దేవుడి మీద గంటలకొద్దీ వాదించి, చివర్న పులిహోర పెట్టి పంపేది. "నీకు దేవుడు లేడు సరే, ఆకలి ఉందా లేదా" అనేది. వచ్చే శుక్రవారం చరిత్రకారుల మీద ఉపన్యాసం ఇస్తానని చెప్పాను. ముఖ్య విషయం: అధికారానికి లొంగిన కలం.

ఆ శుక్రవారానికి ఐదు రోజుల ముందు, ఆదివారం పొద్దున, మూడో నంబరు పంపు కాలిపోయింది.

దాన్ని నడిపే ఆపరేటర్ని అందరం జగిత్యాల అన్న అనేవాళ్ళం. పదహారేళ్ళుగా అక్కడే ఉన్నాడు. కొడుకు పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్నాడు, వాడి చదువయ్యేదాకా ఈ ఉద్యోగం నిలబడితే చాలని ఆయన కోరిక. గేటు లోపల నన్ను "సార్" అనేవాడు, గేటు దాటగానే "తమ్మీ" అనేవాడు. ఆ రోజు పది గంటలకు వాకీటాకీలో పిలిచాడు. "సార్, నీళ్ళొచ్చే వాల్వు సగమే తెరుసుకున్నది. జర ఆగుదామా?" పైనుంచి నీళ్ళు నీళ్ళని అరుస్తున్నారు. "ఆగొద్దు, స్టార్ట్ చెయ్యి" అన్నాను. ఆయన ఇంకోసారి అన్నాడు, "సార్, సగమే ఉన్నది." నేను ఇంకోసారి చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. పది గంటల పది నిమిషాలకు ఆయన బటన్ నొక్కాడు. ఇరవై నిమిషాల్లో నీళ్ళు చాలక సీలు మాడి, షాఫ్టు బిగుసుకుపోయి, మూడో నంబరు పంపు శాశ్వతంగా మౌనం వహించింది.

రిపోర్టు రాయాల్సింది నేనే. నిజం చెబుతున్నాను, మొదటిది నిజాయితీగానే రాశాను. పది గంటలకు వచ్చిన పిలుపుతో మొదలుపెట్టాను. మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి, చాలా ప్రేమగా చెప్పాడు. "ఇంగ్లీషు బాగుంది. కాని రిపోర్టంటే కథ కాదు. మాటలూ సంభాషణలూ ఎందుకు? యంత్రం ఎప్పుడు కదిలిందో అక్కడ మొదలుపెట్టు." నా ఆరునెలల ప్రొబేషను ఇంకా పదిహేను రోజులుంది. బల్ల దగ్గరికి వచ్చి, మొదటి పేరా కొట్టేశాను. "పది గంటల పది నిమిషాలకు ఆపరేటరు, వాల్వు పూర్తిగా తెరుచుకోకుండానే, పంపును ప్రారంభించెను." తర్వాత వాక్యాలన్నీ మునుపటివే. ఒక్క అబద్ధం లేదు. హేతువాది ఎవడైనా దాన్ని భూతద్దం పెట్టి వెతుక్కోవచ్చు. (పక్క బల్ల దగ్గరే ప్రాగ్ తాత కూర్చుని ఉన్నాడు. ఆయన చెప్పిన మాట నాకు ఆ క్షణాన గుర్తు రాలేదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మను.)

శుక్రవారం వచ్చింది. అక్క ఇంటి హాల్లో చాపల మీద పాతికమంది దాకా ఉన్నారు. నేను లేచి నిలబడి నాలుగు పుస్తకాలనూ వర్ణించి, చరిత్రకారుల్ని ఉతికి ఆరేశాను. "ఒకే గుట్ట, ఒకే ఓటమి, నాలుగు చరిత్రలు! ఎవడు గద్దెనెక్కితే వాడికి తగ్గట్టు మొదటి పేజీ మార్చిన ఈ గుమస్తాలను చరిత్ర క్షమిస్తుందా?" అని చెయ్యెత్తి అడిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పుడు చూశాను, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని జగిత్యాల అన్న కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ రాని మనిషి.

"తమ్మీ, ఒక మాట అడగనా" అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "గా గుట్ట మీద ఓడిపోయినోళ్ళు ఉన్నరు గదా. వాళ్ళు సుత ఏమన్న రాసుకున్నరా?"

"రాశారన్నా. చాలామంది దేశం విడిచిపోయి, పరాయి దేశాల్లో కూర్చుని రాసుకున్నారు."

"అట్లనా. దేశమిడిసి పొయినంకనే రాయొస్తదన్నట్టు." తల ఊపాడు. "నాక్కూడ నిన్ననే ఖురూజ్ కాయితం ఇచ్చిన్రు. వారం రోజులల్ల పొమ్మన్నరు."

ఖురూజ్ అంటే మళ్ళీ తిరిగి రావడానికి వీల్లేకుండా దేశం నుంచి పంపేయడం. ఏలూరు అక్క వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఆ కాయితంతో పాటు రిపోర్టు నకలు కూడా ఇచ్చారు. ఇంగ్లీషు రాదని నా దగ్గరికి తెస్తే నేనే చదివి చెప్పాను" అంది. "బాగా రాశావురా తమ్ముడూ. బటన్ దగ్గర మొదలుపెట్టావు. ఈయనేమో వాకీటాకీ దగ్గర మొదలైందంటాడు. ఇంతకీ నీది ఆ నాలుగింటిలో ఎన్నో పుస్తకం?"

ఉపన్యాసం అక్కడితో ఆపి చాప మీద కూలబడ్డాను. అక్క మాత్రం అలవాటు తప్పకుండా పులిహోర పెట్టింది. ఆ రోజు దేవుడు లేడు సరే, ఆకలి కూడా లేదు.

మర్నాడు ప్రాగ్ తాత గదికి వెళ్ళి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన తన బడిపుస్తకం తీసి చివరి పేజీల్లో ఒకటి చూపించాడు. ఆ పేజీ ముడతలు పడి, అంచుల్లో ఎండిన జిగురు మరకలతో ఉంది. వాళ్ళ దేశంలో ఒక నాయకుడు ఉన్నట్టుండి ద్రోహి అయ్యాడట. మాస్టారు తరగతిలో అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, ఆయన బొమ్మ మీద అంటించమన్నాడట. "ఆ రోజు నేను క్లాసు లీడర్ని. జిగురు గిన్నె పట్టుకుని బల్ల బల్లకూ తిరిగింది నేనే. అందరికంటే శుభ్రంగా అంటించినందుకు మెచ్చుకున్నారు కూడా. కెటిల్ ఆవిరి పట్టి దాన్ని ఊడదీయడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది." డబ్బా తెరిచి ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "నీకు ఇంకా ఆరు రోజులున్నాయి. నాకంటే అదృష్టవంతుడివి."

ఆ మధ్యాహ్నమే పది గంటల పిలుపుతో మొదలయ్యే రిపోర్టు మళ్ళీ రాశాను. సంతకం పెట్టి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. ఆదివారం మేనేజరు ఊళ్ళో లేడు. సోమవారం ఉన్నాడు గాని కోపంగా ఉన్నాడు. మంగళవారం సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషం చెడగొట్టడం దేనికనిపించింది. బుధవారం కాగితం చెమటకు తడిసింది, నీటుగా మళ్ళీ రాయాలనుకున్నాను. గురువారం జగిత్యాల అన్న రెండు అట్టపెట్టెలకు తాడు కట్టుకుని దమ్మాంలో విమానం ఎక్కేశాడు. నా జేబుల సంగతి ముందే చెప్పాను కదా.

ఇంకో నాలుగు నెలలకు ఆ మేనేజరు పోయి కొత్తాయన వచ్చాడు. ఆయనకు పాతాయన పాలనంతా మూడొందల ఏళ్ళ చీకటి. పాత ఫైళ్ళన్నీ తిరగేసి, మూడో నంబరు పంపు గురించి నిజమేమిటో నిర్భయంగా చెప్పమన్నాడు. నేను నిర్భయంగా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. వాల్వు అంతకు ముందు మూడు నెలలుగా బాగుచేయలేదనే మాట కూడా ఆయన కోరికపై చేర్చాను, అదీ నిజమే. నా నిజాయితీని మెచ్చుకుంటూ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అన్నను వెనక్కి పిలవమని అడిగాను. ఖురూజ్ అయిన మనిషికి కొత్త వీసా కావాలి, కఫీల్, అంటే వీసా ఇప్పించే యజమాని, ఒప్పుకోవాలి, వయసు కూడా మీరింది అన్నారు. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. అది ఇప్పటికీ అమ్మ తాయెత్తు ఉన్న డబ్బాలోనే ఉంది.

కిందటేడు ఏలూరు అక్క దగ్గర నంబరు తీసుకుని అన్నకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో అంత ధైర్యం కూడగట్టుకోవడం నాకు అదే మొదలు. గుర్తుపట్టి సంబరపడ్డాడు. కొడుకు ఆ ఏడే చదువు మానేసి సెల్‌ఫోన్ల షాపులో చేరాడట, ఇప్పుడు బాగానే ఉన్నాడట. పంపు సంగతి నేనే ఎత్తాను, క్షమించమని అడగడానికి.

"అరె, గదింకా యాది పెట్టుకున్నవా తమ్మీ" అని నవ్వాడు. "తప్పు నాదే గావచ్చు. వాల్వు సంగతి నీకు చెప్తె నువ్వు ఆపేటోనివే గదా. తొందరల నేనే చెప్పకపోతినో ఏమో."

నేను రాసిన మొదటి వాక్యం సముద్రాలు దాటి జగిత్యాల దాకా పోయి, ఆ మనిషి తలలో కూర్చుని, అసలు జ్ఞాపకాన్ని బయటకు నెట్టేసింది. ఏ చక్రవర్తి కొలువులోని చరిత్రకారుడికీ ఇంతటి విజయం దక్కి ఉండదు.

"చెప్పావన్నా" అన్నాను. "రెండుసార్లు చెప్పావు."

"చెప్పిన్నా? ఏమో తమ్మీ, నాకైతే యాదికి లేదు. నువ్వు చదువుకున్నోనివి, నువ్వన్నవంటె నిజమే అయ్యుంటది."

ఆ చివరి మాట తలుచుకుంటే, అజీజియా హాల్లో చెయ్యెత్తి నిలబడి చరిత్రకారుల్ని గుమస్తాలని తిట్టిన ఆ పలచటి కుర్రవాడు కళ్ళ ముందు మెదులుతాడు. వాడి మీద కోపం పోయి చాలా కాలమైంది, నవ్వు మాత్రం మిగిలింది. ఇదంతా రాయడానికి కూర్చుని, ఒకసారి మొదటి పేజీకి వెళ్ళి చూసుకున్నాను. తెనాలి దగ్గర, నా ఉపన్యాసాల దగ్గర, నా జేబు దగ్గర మొదలుపెట్టాను. పది గంటలకు వాకీటాకీలో పిలిచిన మనిషి వచ్చేసరికి కథ సగానికి వచ్చింది. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకున్నాను గాని, ఎక్కడ మొదలుపెట్టినా అది నా మొదలే కదా అని ఉండనిచ్చాను. అన్న ఎప్పుడైనా రాస్తే, మొదటి వాక్యం ఆయనది.