దూరమా?

మా మరిది గల్ఫ్‌లో సెక్యూరిటీ గార్డు పనికి పోవాలనుకున్నాడు. అక్కడ పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోనిదే పరాయి దేశం వాళ్లను గేటు దగ్గర నిలబడనివ్వరట. అందుకని కడపలో ఒకాయన దగ్గర ముందే శిక్షణకు చేరాడు. సాయంత్రం మా ఊరు వేంపల్లెకు తిరిగి రాగానే మెడలో ఈల వేసుకుని నన్ను ఎదురుగా నిలబెట్టి సాధన చేసేవాడు. నేను సంచీతో గడప దాటబోతుంటే ఆపి, ఎక్కడికి వెళ్తున్నారని ఇంగ్లీషులో అడగాలి. అంతే.

కానీ మా ఇంట్లో బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే పోయే పని చెడుతుందని మా అత్త నమ్మకం. "దూరమా?" అనాలి. మరిది నోటికి అదే అలవాటు. ఎన్నిసార్లు చెప్పించినా చెయ్యి అడ్డం పెట్టి, దాన్నే ఇంగ్లీషు చేసి మెత్తగా, "ఫారా మేడమ్?" అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. "దొంగోడు పోతాంటే గూడా ఇట్లే అడుగుతావా అప్పా?" అని సంచీ విసిరికొట్టేదాన్ని.

"వాని పని మాత్రం చెడిపోవాల్నా వదినా?" అని నవ్వేవాడు.

చివరికి ఎలాగో నేర్చుకున్నాడు. ప్రయాణం రోజు పెట్టె పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఎక్కడికని ఒక్క మాట అడిగితే ఆగిపోతాడేమో అనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దూరమా?" అన్నాను.

"శానా దూరం వదినా," అన్నాడు.