రెఫరీ పక్షాన ఒక్క దాలయ్య

జర్మనీవాళ్లని వదిలేస్తే, ప్రపంచమంతా తప్పన్న పెనాల్టీని ఒప్పని వాదించే మనిషి భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన కాపురం భిలాయి క్యాంప్ 1లో, మా ఎదురింట్లో. పేరు దాలయ్య. ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్లలో ఉద్యోగం, మిగతా వేళల్లో రెఫరీ తరఫు వకాల్తా.

సంగతి తొంభైలో రోములో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనలుది. పశ్చిమ జర్మనీ, అర్జెంటీనా. చివరిదాకా గోలు లేదు. అంతకుముందు అర్జెంటీనావాడు అవతలి గోలు ముందర పడితే ఈల మోగలేదు. ఆట ముగియబోతుండగా జర్మనీవాడు ఇవతల పడగానే మోగింది. పెనాల్టీ, గోలు, కప్పు వాళ్లది. పైగా అర్జెంటీనావాళ్లిద్దరికి ఎర్ర కార్డులు. మా ఇళ్ల లైను లైనంతా అర్జెంటీనాయే. శంకరరావు గారి టీవీలో ఆ ఆట చూసినవాళ్లకి వారం పాటు అన్నం సయించలేదు. దాలయ్య మావ మాత్రం మర్నాడే కుళాయి దగ్గర తువ్వాలు దులిపి తీర్పు చెప్పేశాడు.

"రెఫరీ తప్పేటుంది? ఆడు కాలడ్డెట్టాడు, ఈడు ఈలేసాడు."

తర్వాతి ప్రపంచ కప్పు వచ్చిపోయినా ఆ పెనాల్టీని ఆయన వదల్లేదు. కుళాయి దగ్గర గున్నమ్మ, అచ్చమ్మ బిందెల వరస కోసం కొంగులు బిగిస్తే చాలు, మధ్యలో దూరేవాడు.

"ఒలే గున్నమ్మా, గోలు ముందర కాలడ్డెడితే ఏటిస్తారు, హారతిస్తారా?"

"నీ కళ్లకి పొరలు కమ్మాయేటి? ఆడు ఊరికే పడ్డాడు. మేమందరం సూసాం."

"గాలికి పడ్డాడు గాలికి," అచ్చమ్మ అందుకునేది.

బిందెలు నిండి పొర్లిపోయేవి. ఇద్దరూ జోడుగా ఆయన్ని తిట్టుకుంటూ ఇళ్లకెళ్లేవాళ్లు. పవర్ హౌస్ బజార్లో ఆటోవాడు, అరటిపళ్లవాడు కాలర్లు పట్టుకుంటే అక్కడా ఇదే. "భయ్యా, నబ్బేవాలా ఫైనల్ దేఖా క్యా?" అని తొంభై ఫైనలు చూశావా అంటూ మొదలెట్టేవాడు. కాసేపటికి కాలర్లు వదిలేసి ఇద్దరూ ఈయన మీద పడేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది. నేను ఠేకా కూలీల, అంటే కాంట్రాక్టు పనివాళ్ల, సంఘానికి కరపత్రాలు రాసేవాణ్ణి. నా లెక్కలో రెఫరీ అంటే ఈల ఉన్న యాజమాన్యం.

"బలిసిన టీము పడితే ఈల, బక్క టీము పడితే చెవుడు. ఇదేం న్యాయం మావా?"

"బక్కోడైనా కాలడ్డెట్టకూడదు అల్లుడూ."

"ఏ కాలు?"

"కుడికాలు."

"నిన్న ఎడమన్నావు."

"రెండూ అడ్డెట్టాడు. అందుకే మరీ తప్పు."

ఒకరోజు ఉడికిపోయి ఆయన భార్య అప్పలనరసమ్మత్త దగ్గర మొరపెట్టుకున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ నవ్వింది.

"ఆయన ఆ ఆట సూస్తే గదా బావూ. శంకరరావు తన టీవీలో ఆట సూడాలని ముచ్చటపడితే, ఆ రేత్రి అతని బదులు ఈయనే డూటీకెళ్లారు."

"మరి ఈ వాదనేటత్తా?"

"మా ఇంట్లో ఎప్పుడైనా పెనాల్టీ మాటిన్నావా? మా ఇద్దరికీ తగువుల్లేవు. తగువున్న చోటే ఆయనకది గుర్తొస్తాది."

ఆ ఎండాకాలమే మా లైనుకి రెండో కుళాయి మాటొచ్చింది. నీళ్ల ఆఫీసరు స్కూటరు మీద వచ్చి, అందరూ ఒక్క మాట మీదుంటే ఈరోజే రాసుకుంటాను, లేదంటే పక్క లైనుకి వెళ్తుందన్నాడు. పై చివర పక్కా ఉద్యోగుల ఇళ్లు, పాత కుళాయీ. కింది చివర ఠేకా కూలీల గుడిసెలు. వాళ్ల ఆడవాళ్లు ఆ చివర నుంచి ఈ చివరకి బిందెలు మోసేవాళ్లు.

"మేం పర్మనెంటోళ్లం. మా వైపే పడాలి," అన్నాడు శంకరరావు.

"పర్మనెంటోళ్లకి దాహం ఎక్కువేటి?" అన్నాడు కింది చివర సింహాద్రి.

మాట మాట పెరిగింది. చొక్కా చేతులు మడిచారు. ఆఫీసరు వెళ్లి స్కూటరెక్కాడు. ఇక మా మావ లేస్తాడని చూశాను. లేచాడు కూడా. కానీ జలుబు చేసి మెడకి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ప్రయత్నించాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన నిస్సహాయంగా నా వైపు చూశాడు.

నేను లేచాను. కరపత్రాల్లో ఎన్నో రాశాను గానీ, నోటితో అంత అన్యాయం ఎప్పుడూ పలకలేదు.

"తొంభైలో ఆ పెనాల్టీ సరైందే. రెఫరీ తప్పేం లేదు."

చొక్కా చేతులు మడిచినవాళ్లంతా నా వైపు తిరిగారు.

"సంఘం మనిషివి, నువ్వా ఈ మాటనేది?" అన్నాడు శంకరరావు.

"ఠేకేదారు ఏటి తినిపించాడు భయ్యా?" అన్నాడు సింహాద్రి.

ఒకడు మొదలెట్టిన తిట్టు ఇంకొకడు పూర్తి చేశాడు. గున్నమ్మ, అచ్చమ్మ కొసరు వేశారు. ఆఫీసరు స్కూటరు దిగొచ్చి, "వో పెనాల్టీ థా హీ నహీ," అసలది పెనాల్టీయే కాదంటూ తన వంతు తిట్టాడు. అందరికీ ఆయాసమొచ్చింది, ఎక్కణ్ణించో నవ్వొచ్చింది. శంకరరావు చెమట తుడుచుకున్నాడు.

"పైన పాతదుంది గదరా సింహాద్రీ. కొత్తది మీ చివరే ఎయ్యమను. ముందీణ్ణి కూకోబెట్టండి."

ఆఫీసరు రాసుకున్నాడు. నేను కూర్చున్నాను. దాలయ్య మావ నా చొక్కా పట్టి లాగి, చెవి దగ్గర బొంగురుగా గొణిగాడు.

"ఏ కాలో సెప్పలేదు అల్లుడూ. ఈసారి ఏదో ఒక కాలు సెప్పు. ఇంకా బాగా తిడతారు."