గింజంత మలాం

మొన్న మా అమ్మ కొత్తగూడెం నుంచి బస్సులో వచ్చి, ఖమ్మంలోని మా అద్దె ఇంటి వరండాలో కూర్చుని చేతిసంచి విప్పింది. కొత్త చింతపండు, ఎండబెట్టిన మామిడి ఒరుగులు, పాత చీరముక్కలో చుట్టిన కరివేపాకు, వాటన్నిటి అడుగున ఒక మలాం ట్యూబు. అమ్మ దాని మూత తిప్పింది. కాస్త మైనమూ కాస్త దవాఖానా కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా ఒళ్ళంతా దానికోసం చెయ్యి చాచినట్టయింది. పోయిన దసరా నుంచి నేను ఆ మలాం ముట్టుకోలేదు. మానేసినందుకే మెడ నుంచి ముంజేతుల దాకా ఎర్రగా ఉడికి, చెమ్మ కారి, పక్క దులిపితే దోసెడు పొట్టు రాలే మనిషినయ్యాను. అయినా సరే, ఆ వాసన మీద నాకు అసహ్యం పుట్టలేదు. నా చిన్నతనం వాసన అదే మరి, ఏం చెయ్యను!

మా నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మాది రెండు గదుల క్వార్టరు, ముందు సిమెంటు గచ్చు, వెనక బొగ్గుల పొయ్యి. షిఫ్టు సైరన్ మోగితే వాడకట్టంతా లేచేది, సైరన్ విన్నాకే ఆడవాళ్ళు ఎసరు పెట్టేవాళ్ళు. ఎండలు మొదలయ్యాయంటే అడవి ఊళ్ళ నుంచి కోయ ఆడవాళ్ళు గంపలెత్తుకుని సంతకు వచ్చేవాళ్ళు. ముందు ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికిపండ్లు, ఆఖరున దొప్పల్లో పోసిన మొర్రిపండ్లు. ఇప్పపువ్వు తీపివాసనా, బొగ్గు పొగా, స్నానం చేసినా కంటిరెప్పల అంచున నల్లటి గీత మిగిలే మా నాయినా, ఈ మూడూ కలిస్తేనే నాకు ఎండాకాలం.

కాకపోతే ఋతువులు మిగతా పిల్లలకు చెట్లమీద కనబడితే, నాకు ఒంటిమీద కనబడేవి. చలికాలం మోచేతి మడతలు పగిలేవి, ఎండాకాలం మెడచుట్టూ చెమట మండేది, వానాకాలం మోకాళ్ళ వెనక రసి కారేది. వాడకట్టులో ఒకామె తామర అంది, ఒకామె గజ్జి అంది, ఇంకొకామె ఒంట్లో వేడి అంది. ఎగ్జిమా అనే మాట నేను పెద్దదాన్నయ్యాకే విన్నాను. అమ్మ వేపాకు కాచిన నీళ్ళు పోసేది, కానుగ నూనె రాసేది, అన్నిటికంటే ఘోరం, పథ్యం పెట్టేది. వంకాయ దురద, గోంగూర దురద, చేప దురద, ఎండురొయ్యల పేరెత్తితేనే దురద. బూర్గంపాడు నుంచి మా మేనమామ గోదావరి చేపలు తెచ్చిన రోజున ఇల్లంతా పులుసు ఘుమఘుమలాడుతుంటే నా కంచంలో మిరియాల చారు. ఏడుపు, దురద, చారు: అంతే నా పండగ.

బయట ఆటలకు పంపేది కాదు కాబట్టి గచ్చు మీద కూర్చుని చింతగింజలు అరగదీసేదాన్ని. ఒకవైపు తెల్లగా అయ్యేదాకా గచ్చుకు రుద్ది రుద్ది, అష్టాచెమ్మకు గవ్వల బదులు అవే వేసేవాళ్ళం. మా వాడకట్టు పిల్లలందరికీ ఆ గింజలు చేసిపెట్టేది నేనే. నాకున్నంత తీరిక ఎవరికుంది గనుక!

మా లైను చివర ఒక డాక్టరుండేవాడు. దగ్గొచ్చినా దడొచ్చినా సూదే వేసేవాడు గనుక అందరం సూది డాక్టరనేవాళ్ళం. ఒకరోజు అమ్మ నన్ను ఆయన దగ్గరకు లాక్కెళ్ళింది. ఆయన నా మోచెయ్యి తిప్పి చూసి, బల్ల సొరుగులోంచి తెల్లటి ట్యూబు తీసిచ్చి, "గింజంత రాయి వదినా, తగ్గినంక ఆపు" అన్నాడు. ఆ ఒక్క మాటే మా బతుకును ఇన్నేళ్ళూ ఏలింది.

ఇంటికొచ్చాక అమ్మకు అనుమానం పుట్టింది. "గింజంత అన్నడు గని, ఏ గింజనో చెప్పకపాయె!"

అన్నం తింటున్న నాయిన తలెత్తకుండానే, "వడ్లగింజంత అయ్యుంటదిలే" అన్నాడు.

"పిల్ల ఒళ్ళు గిట్ల పుండయితే వడ్లగింజంత మందా? ఏం పిసినారోడివయ్యా నువ్వు!" అంటూ అమ్మ నా ముందున్న చింతగింజల్లో పెద్దది ఏరి, గచ్చు మీద పెట్టి, "గింత" అని తేల్చేసింది. ఆనాటి నుంచి మా ఇంట్లో గింజంటే చింతగింజే. మడతకొక చింతగింజ.

మరి ఆ మలాం చేసిన మాయ మామూలుదా! వారం తిరక్కుండా నా మోచేతులు కొత్త పిల్ల మోచేతులయ్యాయి. అమ్మ భయపడుతూనే ఒక ముక్క వంకాయ పెట్టింది, ఏమీ కాలేదు. తర్వాత గోంగూర వచ్చింది, చేపల పులుసు వచ్చింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, తోటి పిల్లలతో పొలాల గట్ల వెంట గునుగు పువ్వు కోశాను, దోసిళ్ళతో సత్తుపిండి తిన్నాను. నా బాల్యంలో బాల్యమంటూ ఏదైనా ఉంటే, అది ఆ ట్యూబు ఇచ్చిందే. ఇప్పుడు దాన్ని తిట్టుకోబోతే అందుకే నోరు రాదు.

పొద్దుగూకేవేళ నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, అమ్మ నన్ను గచ్చు మీద కూర్చోబెట్టుకుని రాసేది. పొయ్యి దగ్గర కాయలు కాసిన వేళ్ళు ఆ ఒక్కసారి మెత్తగా తగిలేవి. "చల్లగుందా బిడ్డా?" అనేది. "చల్లగుందమ్మా" అనేదాన్ని. మా తల్లీకూతుళ్ళ మధ్య ముద్దుమురిపెం ఏదైనా ఉంటే అంతే. మిగతా రోజంతా తిట్లే.

తగ్గిందని ఆపితే పది రోజుల్లో ముందుకంటే ఎక్కువగా లేచేది. "సూసినవా, ఒక్క పూట మరిస్తే ఎట్ల లేచిందో" అని అమ్మ మళ్ళీ రాసేది. రోగం మొండిదనుకున్నాం గానీ, మందును అనుమానించాలన్న ఆలోచన మా వంశంలో ఎవరికి వస్తుంది? పైగా ఒళ్ళు తెల్లబడుతోందని పక్కింటివాళ్ళు మెచ్చుకుంటే, అమ్మ మొహానికి కూడా మొదలుపెట్టింది. హాస్టలుకు, ఉద్యోగానికి, అత్తగారింటికి, నేనెక్కడికి వెళ్తే ఆ ట్యూబు అక్కడికి వచ్చింది. చర్మం కాగితంలా పలచబడి, మలాం రాసిన చోటే మంటలు రేగేదాకా వచ్చింది.

"అది స్టెరాయిడ్ మలాం. మందు చెడ్డది కాదమ్మా, కొన్నాళ్ళు పలచగా రాయాల్సింది ఇన్నేళ్ళు మందంగా రాశారు, ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది" అన్నారు హైదరాబాదులో చర్మం డాక్టరు. ఆయన చెప్పినట్టే మానేశాను. మానడమంటే ఇట్లా ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు. ఫ్యాను గాలి తగిలితే మంట, నీళ్ళు పడితే మంట, నడి ఎండల్లో ఒంట్లోంచి చలి. బడిలో పాఠం చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టాను. ఎప్పటికి నయమవుతుందో డాక్టరూ కచ్చితంగా చెప్పలేదు. అమ్మకు మాత్రం ఫోన్‌లో "మందు మార్చారు" అని అబద్ధమాడుతూ వచ్చాను. నిజం చెబితే, ఆ సాయంత్రాలన్నీ ఆమెకు ఒక్కసారిగా పాపమైపోతాయి. అదే నా భయం.

అయినా మొన్న ఆమె, మార్చిన మందు పనిచెయ్యలేదనుకుని, పాత ట్యూబు పట్టుకుని "గింజంత రాస్తనే, ఇటు తిరుగు" అంటూ దగ్గరకొస్తే, నొప్పికీ ఆశకూ మధ్య నలిగి నోరు జారాను. "వద్దమ్మా! దాంతోనే ఇట్లయింది."

అమ్మ మూత పెట్టింది. తన వేలి కొసను బొటనవేలితో రుద్దుకుంది.

"అంటే నేనేనా, బిడ్డా?"

"నువ్వు కాదమ్మా. ఎవరూ చెప్పలేదు గదా."

"మీ నాయిన చెప్పిండు. వడ్లగింజంత అన్నడు." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఉన్నన్నాళ్ళు ఆయన మాట ఒక్కటన్నా విన్ననా!"

నాయిన పోయి చాలా కాలమైంది. ఆ క్వార్టర్లు కూలగొట్టారు, గచ్చు ఉన్న చోట సర్కారు తుమ్మలు మొలిచాయట. సూది డాక్టరు ఏ ఊరు పోయాడో ఎవరికీ తెలియదు. చింతగింజలు అరగదీసే పిల్లలు ఇప్పుడెక్కడున్నారు! మిగిలింది మేమిద్దరం, మా మధ్య రాయడానికి వీల్లేని ఆ మలాం. అన్నీ పోయినా అంత బాధలేదు గానీ, ఆ సాయంత్రాలు పోతే నాకు బాధ.

"ఉట్టి చెయ్యన్నా పెట్టనియ్యి" అంది అమ్మ.

వీపు తిప్పి కూర్చున్నాను. అమ్మ ఉత్త అరచెయ్యి నా మెడ మీద ఆనించింది. నిప్పుకణిక పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టాను.

"చల్లగుందా బిడ్డా?"

"చల్లగుందమ్మా" అన్నాను.