నీడ వేసిన నినాదం

మా నాన్న బ్యాంకు గడప దగ్గర చెప్పులు విప్పే మనిషి. ఎందుకని అడిగితే, "మన కష్టార్జితం దాచే చోటురా, కాస్త మర్యాద ఉండక్కర్లేదా?" అనేవాడు. ఊళ్లో సగం బోర్డులు ఆయన చేతిరాతే. ఏనాడూ ఊరేగింపులో నడవలేదు. ఎవరు గద్దెనెక్కినా "పెద్దవాళ్లు, వాళ్లకు తెలియదా" అని తన కుంచె తాను కడుక్కునేవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న నేను అన్ని పార్టీల బోర్డులూ రాసి, ఏ పార్టీ మాటా ఎత్తని రకం. మమ్మల్ని చూస్తే నా కూతురికి ఒళ్లు మండేది. "మీరిద్దరూ ఉప్పూకారం తినే మనుషులేనా?" అనేది.

బ్యాంకు ఉన్నట్టుండి మూతపడేసరికి వీధి భగ్గుమంది. కూతురు రోజూ షట్టరు ముందుకెళ్లి గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చేది. నాన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. దాచుకున్నది పోయిన దిగులనుకున్నాను.

ఒక పొద్దున బ్యాంకు మేనేజరు కబురు పెట్టాడు. షట్టరు మీద ఎవరో ఏదో రాశారట, తెల్లరంగుతో చెరిపెయ్యాలట. వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. పైన ఎప్పుడో నాన్న రాసిన బోర్డు, "మీ సొమ్ము మా దగ్గర భద్రం." కింద షట్టరు నిండా ఎర్రటి అక్షరాలు, "పైన రాసింది అబద్ధం."

 ప్రతి అక్షరానికీ నల్లటి నీడ ఉంది, అదీ ఎడమ పక్కన. ఊళ్లో పెయింటర్లందరూ నీడ కుడివైపు వేస్తారు. మా పెరట్లో పొద్దుటి ఎండ కుడినుంచి పడుతుంది కాబట్టి నాన్న ఎప్పుడూ ఎడమకే వేసేవాడు, నాకూ అదే అబ్బింది. ఆ విద్య నా కూతురికి నేర్పింది నేనే. అసలు నినాదానికి నీడ వేసే పిచ్చివాళ్లు మా ఇంట్లో తప్ప ఎక్కడుంటారు?

"నువ్వీ పనిలోనే ఉన్నావుగా. ఎవరి చెయ్యో చెప్పగలవా? దొరికితే లోపలేస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెలీదు సార్," అన్నాను.  రంగు చాలదని సాకు చెప్పి ఇంటికి పరిగెత్తాను.

"నీకు మతిపోయిందా? పోలీసులు వెతుకుతున్నారే!" అని కూతురి మీద విరుచుకుపడ్డాను.

"నేను కాదు నాన్నా."

"నీడ వేసి ఉందే!"

"నేనైతే నీడలు వేస్తూ కూర్చుంటానా? స్ప్రే డబ్బాతో బుస్సుమని కొట్టి పారిపోయేదాన్ని."

ఇద్దరం ఒక్కసారే పెరటివైపు చూశాం. నాన్న గొంతుక్కూర్చుని కిరసనాయిల్లో కుంచె కడుగుతున్నాడు. గోళ్ల సందుల్లో ఎరుపు. 

"నాన్నా... నువ్వా?"

"ఆ బోర్డు చూసి దాచుకున్నారురా జనం. నువ్వు రాశావుగా, నమ్మొచ్చా అని నన్నే అడిగారు. కళ్లు మూసుకుని నమ్మండన్నాను. నిన్న పక్కింటావిడ నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది."

"సరే, నీడెందుకు వేశావు? అది చూసే పట్టుకుంటారు!"

"నీడ లేకపోతే దూరంనుంచి ఎలా చదువుతార్రా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

భయపడొద్దని, ఎవరి రాతో తెలీదని చెప్పొచ్చానని అన్నాను. ఆయన మొహం మారిపోయింది. అంత కోపం నేనెన్నడూ చూడలేదు.

"నా రాత నీకు తెలీదన్నావా?"

కడిగిన కుంచె మళ్లీ రంగులో ముంచుకుని బయల్దేరాడు. కాళ్లావేళ్లా పడ్డాను, ఈ వయసులో జైలేమిటని ఏడ్చాను. వినలేదు. రోజూ అరిచే నా కూతురు రంగు డబ్బా పట్టుకుని ఆయన వెనకే నడిచింది.

బ్యాంకు ముందు జనం అప్పటికే పోగయ్యారు. నాన్న తిన్నగా వెళ్లి షట్టరు ముందు కూర్చుని, నినాదం కింద మూలన రాయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పేరు రాస్తున్నాను బాబూ. ఇది అయ్యాక ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

చెయ్యి వణికి గీత వంకరపోయింది. గుంపులోంచి పక్కింటావిడ వచ్చి, పక్కన కూర్చుని, ఆయన మోచేతిని కిందనుంచి పట్టుకుంది.  పేరు పూర్తయ్యేదాకా ఇన్‌స్పెక్టరు ఆగాడు. తర్వాత ఆయన్ని జీపెక్కించాడు.