మూడు కత్తెర్లు

బస్సులో నా పక్కన కొండ దిగివచ్చిన పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. కొత్త గుండు, దాని మీద తడి ఆరని చందనం. ఆ వాసన తగలగానే నాకు నవ్వొచ్చింది. తన గుండును చూసే నవ్వాననుకుని ఆయన తల తడుముకున్నాడు, పాపం. నేను నవ్వింది మా నాయన గుండును తలుచుకుని. ఆ గుండుకు కారణం మా ఎస్తేరు డాక్టరమ్మ.

కొండకు బస్సురోడ్డు కొత్తగా పడిన రోజులవి. చిత్తూరులో కుట్టుమిషను తొక్కి బతికేదాన్ని. లోకానికి నేను మగపిల్లవాణ్ణి. ఊహ తెలిసినప్పటినుంచీ నాకు మాత్రం నేను ఆడపిల్లనే. రెండేళ్ళు ఓపిక పడితే జుట్టు భుజాలు దాటింది. ఆడవాళ్ళకిచ్చే కొత్తరకం మాత్రలు మద్రాసుకు వచ్చాయనీ, వాటితో ఒళ్ళు కొంత మారుతుందనీ విని, నా దగ్గర రవికలు కుట్టించుకునే డాక్టరమ్మ దగ్గరికే ధైర్యం చేసి వెళ్ళాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. వేయించిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ నా కథంతా విన్నది. ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. అదే నాకు సగం వైద్యం.

బరువు చూసింది, నాడి చూసింది, గుండె విన్నది.

"నీకు జబ్బేం లేదు. ఈ మాత్రలు నీ మాదిరి మనిషికి నేనెప్పుడూ ఇచ్చింది లేదు, అబద్ధమెందుకు? కాళ్ళు వాచినా, కడుపులో తిప్పినా కనిపెట్టుకునే మనిషి ఇంట్లో ఒకరుండాల. పిల్చుకొని రా, అప్పుడిస్తా."

నాకున్నది మా నాయన ఒక్కడే. సత్యవేడు పక్క పల్లెలో సేద్యం. ఉత్తరం రాస్తే వారంలో దిగాడు, కానీ మాత్రల కోసం కాదు. నాకేదో గాలి సోకిందని, నా తలనీలాలిస్తానని కొండకు మొక్కుకున్నాడట! రెండేళ్ళు పెంచిన జుట్టు పోతుందా? ఆయన చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, ఆ మొక్కు మాన్పించమన్నాను.

"ఏడుకొండలవాడితో పరాచికాలా తల్లీ? మొక్కు మొక్కే," అన్నాడు నాయన.

"మేం ఏసును కొలిచేవాళ్ళం, మీ కొండ సంగతి నాకు తెలీదు పెద్దాయనా. అందరికీ గుండేనా? ఆడబిడ్డలకు కూడానా?"

"ఆడబిడ్డలు మూడు కత్తెర్లిస్తే సాలు. కొసలు మూడుతూర్లు కత్తిరిస్తారు, అంతే."

"ఇంకేం మరి!" అంటూ ఒలిచిన పప్పులు ఆయన చేతిలో పోసింది.

నాయన వాటిని నోట్లో వేసుకోలేదు. "ఇది ఆడబిడ్డేనని నువ్వు కాగితం రాసిస్తావా?"

"నేను రాసేది మాత్రలే. ఆ మాట చెప్పాల్సింది నువ్వు."

మరునాడు కొండమీద మంగలి నా తలకు నీళ్ళు రాసి, "గుండే గదా?" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కత్తి చల్లగా నుదుటికి తగిలింది.

"ఆగప్పా!" నాయన అరిచిన అరుపుకు వరసంతా తిరిగి చూసింది. "మూడు కత్తెర్లే. అది ఆడబిడ్డ."

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన మాత్రం దేవుడికెక్కడ తక్కువవుతుందోనని, నా పక్కనే కూర్చుని మీసంతో సహా గుండు చేయించుకున్నాడు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

చిత్తూరులో ఆ బోడి మొహం చూసి డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చీటీ రాస్తుంటే నాయనే అడిగాడు, "తిన్నాకనా తల్లీ, తినకముందా?" మొదటి మాత్రకు నీళ్ళ చెంబు అందించింది ఆయనే. ఊరికి పోకుండా నా దగ్గరే ఉండి, రోజూ నా కాళ్ళు నొక్కి చూసి, "వాపు లేదు" అని వారం వారం ఆమెకు చెప్పివచ్చిందీ ఆయనే. ఒళ్ళు మారడానికి చాలాకాలం పట్టింది, మారినంతే మారింది. నాకది చాలు.

ఆవేళ నా తరఫున డాక్టరమ్మ పది మాటలు చెప్పగలిగేది. చెప్పకుండా నాయనకు వదిలేసింది. తన నోటితో తనే అన్న మాట గనక ఆయన చచ్చేదాకా దానిమీదే నిలబడ్డాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఏటా కొండకు పోతాను. నెరిసిన నా జుట్టు చూసి మంగలి, "గుండేనా?" అంటాడు. చెప్పడానికి నాయన లేడు కదా, నేనే చెబుతాను.

"మూడు కత్తెర్లే అప్పా. ఆడబిడ్డను."